తెగేది ఇటు, తప్పు అటు

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు మల్లికార్జున తన పాఠం తానే చూసుకోవడానికి కూర్చున్నాడు.

సూరత్‌లోని ప్రభుత్వ టెక్స్‌టైల్ కళాశాలలో ఆయన ఇరవై రెండేళ్లుగా నేత శాస్త్రం చెబుతున్నాడు. ఇన్నేళ్లలో తన గొంతు ఎదుటివాళ్లకు ఎలా వినిపిస్తుందో, బోర్డు ముందు తానెలా నిలబడతాడో తెలుసుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు. కరోనా రెండో విడత తగ్గి, కళాశాలలు సగం హాజరుతో తెరుచుకున్నాక గాంధీనగర్ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి అధ్యాపకుడూ తన పాఠాన్ని ఒకటి వీడియో తీయించుకోవాలి. దాన్ని చూసి నాలుగు పేజీల పత్రం నింపాలి. ఆ తర్వాత మరో కళాశాల నుంచి వచ్చిన పరిశీలకుల ఎదుట ఆ పాఠమే మళ్లీ చెప్పాలి.

"ఈ వయసులో మనకు చాక్‌పీసు పట్టడం నేర్పుతారట" అని స్టాఫ్ రూములో అందరూ నవ్వుకున్నారు. యాభై నాలుగేళ్ల మల్లికార్జున కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. లోపల మాత్రం ఆయనకు బెరుకేమీ లేదు. పాఠం చెప్పడంలో తనకు తిరుగులేదని ఆయనకు గట్టి నమ్మకం.

వీడియో మొదలయింది. తరగతి పక్కగోడ మీద నుంచి తీశారు. బోర్డు, ఆయన, పిల్లలు అందరూ కనిపిస్తున్నారు. మాస్కు ఉన్నా గొంతు ఖంగుమంటోంది. బోర్డు మీద మగ్గం బొమ్మ అచ్చు గుద్దినట్టు ఉంది. బల్లకు అవతల కూర్చుని గోంగూర తుంచుతున్న భార్య వైపు ఆయన ఓరగా చూశాడు.

"మంచిగనే చెప్తున్నరు గదా" అంది ఉషాదేవి. "ఇంకేం నేర్పుతరట మీకు?"

పత్రం రెండో పేజీలో మూడు గళ్లున్నాయి. ఎన్ని ప్రశ్నలు అడిగారు? ఒక్కో ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు? జవాబు ఎవరు చెప్పారు? మల్లికార్జున వీడియోను మళ్లీ మొదటి నుంచి పెట్టి, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ వచ్చాడు. ముప్పై నాలుగు ప్రశ్నలు తేలాయి. అందులో ఇరవై ఏడింటికి జవాబు తానే చెప్పేసుకున్నాడు. తక్కిన ఏడింటికీ మొదటి బెంచీలో కూర్చునే ధవల్, అతని పక్కవాడు చెప్పారు. ఆగిన సెకన్లు లెక్కపెడదామని చేతి గడియారం విప్పి ముందు పెట్టుకున్నాడు. ముల్లు ఒక గీత దాటేలోపే తన గొంతు మళ్లీ మొదలవుతోంది. ఐదుసార్లు చూశాడు. ఐదుసార్లూ అంతే.

"అడిగి ఒక్క సెకను గూడ ఆగుతలేను" అన్నాడు పైకే.

"ఇంట్ల గూడ గంతే గదా" అంది ఉషాదేవి తల ఎత్తకుండానే.

ఆయనకు నవ్వొచ్చింది గానీ పెదవుల దగ్గరే ఆగిపోయింది. వీడియో నడుస్తూనే ఉంది. 'మగ్గం మీద నిలువునా సాగే పడుగు పోగులు ఎప్పుడూ కుడి అంచునే తెగుతున్నాయనుకోండి. తప్పు ఎక్కడ వెతకాలి?' అని అందులోని మల్లికార్జున అడిగి, బోర్డు వైపు తిరిగి, జవాబు రాయడం మొదలుపెట్టాడు. ఉషాదేవి గోంగూర కట్ట పక్కన పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని తెర మీదికి వంగింది.

"గా పిల్ల ఎవరు? ఎనకాల, కిటికీ దగ్గర. చెయ్యెందుకు లేపింది?"

ఆయనకేమీ కనిపించలేదు. వెనక్కి జరిపి చూశాడు. చివరి బెంచీలో నీలం మాస్కు పెట్టుకున్న అమ్మాయి, మోచెయ్యి బల్ల మీదే ఆనించి చెయ్యి సగం ఎత్తింది. ఆయన బోర్డు వైపు తిరిగి ఉన్నంతసేపూ ఎత్తే ఉంచింది. ఇటు తిరిగి ధవల్‌తో మాట్లాడటం మొదలుపెట్టాక దించింది. నాలుగు నిమిషాల తర్వాత మళ్లీ ఎత్తింది. మూడోసారి చెయ్యి పూర్తిగా పైకి లేచింది. అప్పుడు ఆయన అటే చూస్తున్నాడు. ఆయన కళ్లు ఆ చేతి మీదుగా అటునుంచి ఇటు వెళ్లాయి. 'అర్థమైంది కదా?' అని బోర్డు తుడిచేశాడు. ఆ అమ్మాయి ఎత్తిన చేతిని అలాగే తల వెనక్కి పోనిచ్చి, జుట్టుకున్న క్లిప్పు తీసి మళ్లీ పెట్టుకుంది. అందుకోసమే చెయ్యి ఎత్తానన్నట్టు.

మల్లికార్జున వీడియో ఆపేశాడు.

"పేరేంది పిల్లది?" అని అడిగింది ఉషాదేవి.

ఆ పేరు ఆయనకు తెలియదు.

సోమవారం కళాశాలకు వెళ్లగానే ప్రిన్సిపాల్ వ్యాస్ పిలిపించాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. బల్ల మీద సానిటైజర్ సీసాలు వరసగా పేర్చి, వాటి వెనక నుంచి మాట్లాడుతున్నాడు.

"గురువారం పరిశీలకురాలు వస్తోంది మల్లికార్జున్‌భాయ్. కళాశాల పేరు మీ చేతుల్లో ఉంది. ఆ వీడియో మీకు నచ్చకపోతే ఇంకోటి తీయించండి, ఎవరికీ తెలియదు. ఎలాగూ సగం మందే కూర్చోవాలి కాబట్టి, బాగా మాట్లాడే పదిహేనుమందిని ఏరి గురువారానికి పిలవండి. పేర్లు రాసిస్తే మిగతావాళ్లకు రావద్దని నేనే మెసేజ్ పెట్టిస్తాను."

మల్లికార్జున కాదనలేదు. వ్యాస్ చెప్పినదాంట్లో ఆయనకు ఆ క్షణంలో తప్పేమీ కనిపించలేదు. తనిఖీ అంటే ఎప్పుడూ జరిగేదే అది. స్టాఫ్ రూములో కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. ధవల్. అతని పక్కవాడు. రెండో బెంచీలో కళ్లద్దాల అమ్మాయి. ఇంగ్లిషులో చక్కగా మాట్లాడే నవ్‌సారి కుర్రాడు. తొమ్మిది పేర్లు రాసి, పదో అంకె వేసి ఆగాడు.

పదో పేరు రాలేదు. తరగతిలో నలభై మంది ఉన్నారు. మిగతా ముప్పై ఒక్కమందీ ఆయనకు రోల్ నెంబర్లుగానే తెలుసు. ఏడాదిపాటు ఫోన్ తెరల మీద చిన్న చిన్న గళ్లలో చూశాను, ఇప్పుడు మాస్కుల్లో చూస్తున్నాను, ఎలా గుర్తుంటాయి అని తనకు తానే సర్దిచెప్పుకోబోయాడు. కానీ ఆ తొమ్మిది మందినీ చూసింది కూడా ఆ గళ్లలోనే కదా. వాళ్ల పేర్లు మాత్రం ఎలా గుర్తున్నాయి? చివరికి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసి, హాజరుపట్టీ తెప్పించుకున్నాడు.

వీడియోలో ఉన్నది మంగళ, గురు, శనివారాల్లో వచ్చే సరిసంఖ్యల రోల్ నెంబర్ల జట్టు. కిటికీ పక్క చివరి బెంచీ రోల్ నెంబర్ ఇరవై ఎనిమిదిది. దాని ఎదుట ఉన్న పేరు చూసి ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. గుండేటి జమున లింగమూర్తి.

గుజరాతీ పద్ధతిలో తండ్రి పేరు చివర చేర్చారు గానీ ఇంటిపేరు ఆయనకు కొత్తది కాదు. తన సొంతూరు సిరిసిల్లలో వీధికొక గుండేటివాళ్ల ఇల్లుంటుంది.

మంగళవారం తరగతి అయిపోయాక ఆమెను వరండాలో ఆపాడు. సన్నగా, పొడుగ్గా ఉంది. పుస్తకాల సంచీ రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుంది. తప్పేదో జరిగిందనుకున్నట్టు కళ్లు దించుకుంది.

"మీది ఎక్కడమ్మా?" అని ఆయన తెలుగులో అడగగానే తల ఎత్తింది.

"ఈడనే, డిండోలి సార్. మా బాపు మగ్గాల కార్ఖానల పన్జేస్తడు."

"పోయిన వారం పాఠంల నువ్వు మూడుసార్లు చెయ్యి లేపినవు. నేను చూడలే. నాదే తప్పు. ఏం అర్థం కాలేదో ఇప్పుడు అడుగు, చెప్త."

జమున సంచీ మీది పట్టు కాస్త సడలించింది. తర్వాత మెల్లగా అంది: "అర్థంగాక లేపలే సార్. మీరు అడిగిండ్రు గదా, కుడి అంచుకు పోగులు ఎందుకు తెగుతయని. జవాబు జెప్దామని లేపిన."

వెనక బెంచీలో చెయ్యి లేచిందంటే అది సందేహమే అయి ఉంటుందని ఆయన ఆదివారం నుంచి అనుకుంటున్నాడు. ఆ సందేహం తీర్చి తప్పు దిద్దుకుందామని, ఏ మాటలతో తీర్చాలో కూడా సిద్ధం చేసుకుని వచ్చాడు.

"చెప్పు."

"మీరు బట్టను ఎడల్పుగ గుంజి పట్టే కడ్డీ సరి జేయాలె అని రాసిండ్రు. అది గూడ ఉంటది సార్. గని మా తాన శానసార్లు అది కాదు. తెగేది కుడి దిక్కు, తప్పు ఎడమ దిక్కుంటది. అడ్డపోగును అటిటు మోసే నాడె ఉంటది గదా, దాన్ని ఎడమ దిక్కు తన్నే పికర్ అరిగితే, నాడె జోరుగ రాదు. కుడి దిక్కు వచ్చెటాల్లకు లేటయితది. గప్పటికే, నాడె పోవుటానికి పైకీ కిందికీ విడిన పడుగు మళ్ల మూసుకుంటుంటది. మూసుకునే పోగులల్లకెళ్లి నాడె రాసుకుంట పోతది. అందుకే గాడ తెగుతయి."

"నీకెట్ల తెలుసు?"

"పోయినేడు లాక్‌డౌన్ అయినంక మగ్గాలు నడిపే కారీగర్లు ఊర్లకెళ్లి వాపస్ రాలే. సేఠ్ మనుషులు లేరంటే బాపుతోని నేను గూడ పోయిన. ఎనిమిది నెలలు ఆరు మగ్గాలు నడిపిన సార్." అని, వెంటనే భయపడినట్టు అంది: "క్లాసులు గూడ ఇన్న సార్. ఫోన్ మగ్గానికి కట్టుకొని, చెవులల్ల ఇయర్‌ఫోన్ పెట్టుకొని ఇన్న."

తాను తెర ముందు కూర్చుని మగ్గం గురించి చెబుతుంటే, ఈ పిల్ల ఆరు మగ్గాల మధ్య నిలబడి విన్నది. ఆయన "రా" అని ప్రయోగశాల వైపు నడిచాడు.

మూలనున్న పాత నాడె మగ్గం మీది దుమ్ముగుడ్డ తీశారు. పాత సామాను డబ్బాలో వెతికితే అరిగిపోయిన పికర్ ఒకటి దొరికింది. పిడికెడంత దిమ్మ, నాడె మొన తగిలి తగిలి మధ్యలో గుంట పడింది. జమున సంచీ కింద పెట్టి, చున్నీ నడుముకు బిగించి, ఎడమవైపున్న మంచి పికర్ విప్పి ఇది బిగించింది. రెంచీ పట్టుకున్న తీరులో తడబాటు లేదు. మరను బిగించాక బొటనవేలితో ఒకసారి తట్టి చూసుకుంది. చిన్నప్పుడు తన తండ్రి మగ్గం ఎక్కే ముందు దాని చెక్క పలకను అలాగే తట్టడం మల్లికార్జునకు గుర్తొచ్చింది.

"ఇప్పుడు ఇనుండ్రి సార్" అని మీట నొక్కింది.

మగ్గం కదిలింది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు నాడె పరిగెత్తుతోంది. "ఎడమ దిక్కు వచ్చినప్పుడు టక్కున పడుతుంది. కుడి దిక్కు మెత్తగ పడుతుంది. ఇనవడ్డదా?" అని అరిచింది జమున. ఆయనకు మొదట తేడా తెలియలేదు. కళ్లు మూసుకున్నాడు. టక్. థప్. టక్. థప్. ఇరవై రెండేళ్లు ఈ యంత్రాన్ని బొమ్మలు గీసి చెప్పాడు గానీ, ఇలా చెవి ఒగ్గి ఎప్పుడూ వినలేదు. మూడు నిమిషాలు గడవకముందే కుడి అంచున ఒక పోగు తెగింది. ఆ వెంటనే పక్కది.

జమున మగ్గం ఆపి, తెగిన పోగుల కొసలు వెతికి పట్టుకుని, రెండు వేళ్ల మధ్య ఒక్క మెలి తిప్పి ముడివేసింది. ఆయన ఆ ముడి చూడటానికి వంగేసరికే అది అయిపోయింది.

"గురువారం ఇదే ప్రశ్న మళ్ల అడుగుత" అన్నాడు.

"నన్ను లేపుతరా సార్?" అంది జమున. గొంతులో జంకు ఉంది. "నాకు ఇంగ్లిష్ రాదు. ఎనిమిది దాంక తెలుగు స్కూలే. మునిసిపాలిటీది."

"లేపను. ఊకె అడుగుత. అడిగి ఆగుత."

గురువారం పరిశీలకురాలు వచ్చింది. హేతల్ దేశాయ్ అని వల్సాడ్ వైపు కళాశాల అధ్యాపకురాలు. ముప్పై రెండేళ్లుంటాయి. మల్లికార్జునకు నమస్కారం పెట్టి, నోటుపుస్తకం, గడియారం తీసుకుని తిన్నగా వెళ్లి చివరి వరసలో ఖాళీ బెంచీ మీద కూర్చుంది. వ్యాస్ తలుపు దగ్గర నిలబడి లోపల ఎవరెవరున్నారో చూశాడు. ఏరిన పదిహేనుమంది కాదు, సరిసంఖ్యల జట్టు ఇరవై మందీ ఉన్నారు. ఆయన మల్లికార్జున వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు.

మల్లికార్జున ప్రశ్న అడిగాడు. కుడి అంచున పోగులు తెగుతున్నాయి. తప్పు ఎక్కడ వెతకాలి?

అడిగి ఆగాడు.

ఒకటి. రెండు. చేతిలోని చాక్‌పీసు చెమటకు మెత్తబడుతున్నట్టనిపించింది. మూడు. జవాబు నాలుక చివరకు వచ్చి నిలబడింది. దాన్ని మింగాడు. ఐదో సెకనుకు ధవల్ లేచి, బట్టను పట్టే కడ్డీ సరిచేయాలి అని పాత జవాబే ఇంగ్లిషులో గడగడా చెప్పాడు. మామూలుగా అయితే 'శభాష్' అని ముందుకు సాగిపోయేవాడు. ఈసారి "సరే. ఇంకా?" అని, మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడు. ఎనిమిది. సార్ ఏదో మరిచిపోయారనుకుని ముందు బెంచీ అమ్మాయి పుస్తకం తీసి ఆయనకు అందివ్వబోయింది. వద్దని తల ఊపాడు. జమున వైపు చూడకూడదని అనుకున్నా చూశాడు. ఆమె తల వంచుకుని ఉంది. చేతులు రెండూ బల్ల కిందే ఉన్నాయి. పది. పదకొండు. వెనక హేతల్ గడియారం చూసి ఏదో రాసుకుంది. తాను ఎంత తెలివితక్కువగా కనిపిస్తున్నాడో అనుకున్నాడు మల్లికార్జున. అయినా నోరు విప్పలేదు.

పద్నాలుగో సెకనుకు మధ్య బెంచీలో ఒక ఒడియా కుర్రాడు, పేరు ప్రఫుల్ల అని ఆయన నిన్ననే పట్టీలో చూసి పెట్టుకున్నాడు, కూర్చునే హిందీలో గొణిగాడు: "మా నాన్నయితే ముందు చప్పుడు వింటాడు సార్."

"ఏం చప్పుడు ప్రఫుల్లా?"

తన పేరు సార్ నోట రావడం విని ఆ కుర్రాడు లేచి నిలబడ్డాడు. "అది తెలియదు సార్. నాడె చప్పుడే అనుకుంటా."

అప్పుడు జమున చెయ్యి ఎత్తింది.

హిందీలో మొదలుపెట్టింది. మధ్యలో గుజరాతీ వచ్చింది, ఒకటి రెండు తెలుగు మాటలూ దొర్లాయి. తెగేది ఇటు, తప్పు అటు అని ఆమె అనగానే ధవల్ వెనక్కి తిరిగి, "అదెలా కుదురుతుంది? కుడివైపు తెగితే ఎడమవైపు ఎందుకు వెతకాలి?" అని అడ్డుపడ్డాడు. మల్లికార్జున ముందుకు వచ్చి, తన చేతిలోని చాక్‌పీసు జమునకు ఇచ్చాడు. ఆమె బోర్డు మీద నాడె దారి గీసింది. గీత వంకరగా వచ్చింది. ఇక్కడ ఆలస్యమైతే అక్కడ పడుగు మూసుకుంటుంది అని రెండు బాణాలు వేసింది. ధవల్ ఒప్పుకోలేదు. మరి ఎడమ అంచున ఎప్పుడు తెగుతాయి అని అడిగాడు. దానికి జవాబు జమున చెప్పకముందే ప్రఫుల్ల చెప్పాడు. కళ్లద్దాల అమ్మాయి లేచి, నాడె ఎంత ఆలస్యమైతే పోగు తెగుతుందో లెక్క కట్టొచ్చా అని అడిగింది. తనకు తెలియదన్నాడు మల్లికార్జున. కట్టి చూద్దామన్నాడు. ఇరవై మందీ ప్రయోగశాలకు వెళ్లి చప్పుడు విని వచ్చారు. మళ్లీ వాదించుకున్నారు. గంట కొట్టేసరికి ఆయన చెప్పదలచుకున్న పాఠంలో సగం అలాగే మిగిలిపోయింది. ఇరవై రెండేళ్లలో గంట లోపల పాఠం పూర్తి కాకపోవడం అదే మొదటిసారి.

పిల్లలు వెళుతున్నారు. హేతల్ లేచి వచ్చి తన పత్రం చూపించింది. "పోయినసారి ముప్పై నాలుగు ప్రశ్నలు అడిగానని మీరే రాశారు సార్. ఈరోజు ఆరే అడిగారు."

"తగ్గిపోయిందా?"

"పదమూడు మంది మాట్లాడారు" అంది. తర్వాత కొంచెం మొహమాటంగా, "వీడియో పాతదే పంపుతారా, కొత్తది తీయిస్తారా? మార్చుకోవచ్చునని మీ ప్రిన్సిపాల్ గారు నాతో అన్నారు. అది శిక్షణలో వేరే కళాశాలల వాళ్లకు కూడా చూపిస్తారు. అందుకని అడుగుతున్నాను" అంది.

"నేను ఆదివారం చూసిందే పంపుతాను. అందులో జమున చెయ్యి ఎక్కడెక్కడ లేస్తుందో నిమిషాలతో సహా పత్రంలో రాశాను. వెతుక్కోనక్కర్లేకుండా."

హేతల్ పత్రం సంచీలో పెట్టుకుని, "ఇంకొక్కటి ఉంది సార్. నేను చెప్పడం కంటే మీరే చూస్తే బాగుంటుంది. ఒకసారి అక్కడ కూర్చోండి" అని చివరి బెంచీ చూపించింది.

మల్లికార్జున వెళ్లి జమున చోట కూర్చున్నాడు. అక్కడికి ఆయన ఎన్నడూ వచ్చి కూర్చున్నది లేదు. తలెత్తి బోర్డు చూశాడు. బోర్డు ముందున్న ఎత్తయిన ఉపన్యాసపు బల్ల అడ్డం వస్తోంది. పైన గీసిన బొమ్మ కనిపిస్తోంది. కింద కుడివైపు నాలుగోవంతు బోర్డు ఆ బల్ల చాటున పడిపోయింది. సరిగ్గా అక్కడే ఆయన ప్రతి పాఠం చివరా గడి గీసి, అసలు జవాబు అందులో రాస్తాడు. ఇంతకుముందే రాసిన గడి కూడా అక్కడే ఉంది. ఆయనకు దాని పైగీత ఒక్కటే కనిపించింది.

జమున తలుపు దగ్గర సంచీ సర్దుకుంటోంది.

"జమునా, కింద రాసింది నీకెప్పుడన్న కనవడ్డదా?"

"లేదు సార్."

"మరి ఎట్ల రాసుకుంటున్నవ్?"

"ముందు బెంచోళ్ల నోట్సు సూసి రాసుకుంటం. సీనియర్లు గూడ గట్లనే రాసుకున్నమని జెప్పిండ్రు."

మల్లికార్జున లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, బోర్డు ముందుకు వెళ్లి ఆ బల్లను నెట్టాడు. టేకు బల్ల, కదల్లేదు. భుజం ఆనించి మళ్లీ నెట్టాడు. దాని కాళ్లు నేల మీద గీరుకుంటూ జానెడు జరిగింది. చెమట తుడుచుకుని చూసేసరికి జమున సంచీ అక్కడే వదిలేసి తన బెంచీలోకి వెళ్లి కూర్చుని ఉంది.

"ఇప్పుడు కనవడుతుందా?" అని అడిగి, ఆమె చెప్పేదాకా ఆగాడు.

జమున మెడ కుడివైపుకు వంచింది, ఎడమవైపుకు వంచింది, కళ్లు చికిలించి చూసింది.

"సగమే సార్" అంది. "ఇంకింత జరపాలె."

ఆయన మళ్లీ భుజం ఆనించాడు.